పరకాల స్టార్టర్ డబ్బా

ఫోటోలో పద్మలత నవ్వుతోంది. రాజమౌళికి అక్కడే మండింది.

ఏదో మర్యాదకు నవ్విన నవ్వయితే ఓర్చుకునేవాడు. ఇది తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని నవ్విన నవ్వు. ఇన్నేళ్ల కాపురంలో తను చెప్పిన ఏ జోకుకూ పద్మలత అలా నవ్విన పాపాన పోలేదు. పక్కన ఆరడుగుల తెల్లవాడు, కత్తిరించిన గడ్డం, లినెన్ చొక్కా. వెనక రామప్ప చెరువు. ఇద్దరూ పడవలో ఉన్నారు. వాడి చెయ్యి పడవ అంచు మీద ఉందో, పద్మలత భుజం మీద ఉందో సరిగ్గా తేలడం లేదు. రాజమౌళి ఫోటోను వెలుతురు వైపు తిప్పి చూశాడు. కళ్లజోడు తీసి మళ్లీ చూశాడు.

"చెయ్యి పడవ మీదనే ఉంది," అన్నాడు రాజేశ్వర్ రావు. "నేను గూడ చూసిన. ఇగ ఇటియ్యి."

అది హనుమకొండలో ఒక ఎరువుల దుకాణం వెనక గది. ముందు యూరియా బస్తాలు, వెనక దేశ రహస్యాలు. రాజేశ్వర్ రావు ఊరికి దుకాణం సేటు, ఢిల్లీకి గూఢచార విభాగం ప్రాంతీయ చీఫ్. ఆయన కింద పనిచేసే ఏజెంట్ రాజమౌళి వరంగల్ కాశిబుగ్గలో పుట్టి పెరిగినవాడు. నాలుగు నెలలుగా పరకాల బస్టాండు పక్కన మోటార్ వైండింగ్ షాపు పెట్టుకుని, రైతుల కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుడుతున్నాడు. అది కవర్. పద్మలత కూడా ఏజెంటే, రేడియో ఇంజనీరు. ములుగు రోడ్డులోని 'మేఘవాహన్ కంట్రోల్స్' కంపెనీలో ఉద్యోగిగా దూరింది. ఆ కంపెనీ వెనకున్న విదేశీ ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. అదీ కవరే. వీళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలు. ఇది మాత్రం కవర్ కాదు, నిజం. కనీసం రాజమౌళి అలా నమ్ముతూ వస్తున్నాడు.

చీఫ్ టేబుల్ మీద ఒక ఇనుప డబ్బా పెట్టాడు. పొలం మోటారు స్టార్టర్. మూత తీస్తే లోపల రిలేలు, వైర్లు, ఒక మూలకు అగ్గిపెట్టెలో సగం ఉన్న ఆకుపచ్చ ముక్క.

"గిదే రేడియో మాడ్యూల్," అన్నాడు. "ఇంట్ల కూసొని ఫోను నొక్కితే పొలంకాడ మోటరు నడుస్తదని రైతుకు చెప్తాండ్రు. నిజమే, నడుస్తది. చెప్పందేందంటే, గీ మాడ్యూల్ వాళ్ల మాట గూడ ఇంటది. వాళ్లు ఒక్క సిగ్నల్ ఇస్తె పరకాల నుంచి ములుగు దాక వేల మోటార్లు ఒక్కపారే మొదలైతయి. గ్రిడ్ కూలుతది. దవాఖానల మిషన్లు, రైళ్లు, అన్ని బంద్. ఇది ట్రయల్ మాత్రమే. ఇక్కడ పాసైతే దేశమంత ఇదే డబ్బా."

"వాన్ని ఇయ్యాల్నే పట్టుకుందాం సార్," అన్నాడు రాజమౌళి. వాడు అంటే ఫోటోలో వాడు, కంపెనీ టెక్నికల్ డైరెక్టర్ ఆంద్రే. రాజమౌళి గొంతులో దేశభక్తి కంటే వేరేదేదో ఎక్కువగా ఉంది.

"పట్టుకుంటె? బటన్ వానొక్కని దగ్గర లేదు. ఇంకా ముగ్గురున్నరు. అందరు శుక్రవారం పాలంపేటకు వస్తాండ్రు, టూరిస్టులోలె. రామప్ప గుడికాడ తెల్లోళ్లను నువ్వెందుకు వచ్చినవని ఎవడడుగుతడు? మనం చుట్టుముట్టినమని తెలిస్తె నలుగుట్ల ఎవడో ఒకడు నొక్కనే నొక్కుతడు. అందుకే వాళ్లు నొక్కాలె, అది ఫెయిల్ కావాలె, అప్పుడు చేతులకు బేడీలు ఎయ్యాలె. ఆ ఫెయిల్ చేసుడే పద్మలత పని. మాడ్యూల్‌ను డబ్బాల బిగించేది ఆమెనే. చూస్తె మంచిగున్నట్టు ఉండాలె, టైముకు చెయ్యియ్యాలె."

"మరి?"

"మొన్న వాళ్లు చెక్ చేసిండ్రు. ఊరూర ప్రతి డబ్బా జవాబిచ్చింది. ఒక్కటి గూడ తప్పలె."

రాజమౌళి మళ్లీ ఫోటో అందుకోబోయాడు, చీఫ్ దాన్ని సొరుగులో పెట్టేశాడు.

"ఆమెతోని ఆ పని కాలేదనుకోవాలె," అన్నాడు చీఫ్ మెల్లగా. "లేదంటె ఆమె ఇగ మన మనిషి కాదనుకోవాలె. శుక్రవారం గూడ డబ్బాలు పనిచేస్తానయంటె, పద్మలతను నువ్వే అరెస్టు చేసి తీసుకరావాలె."

"నేనా సార్?"

"ఆమె అబద్ధం చెప్తె పట్టేటోడు నీకన్న ఎవడున్నడయ్యా?"

"ఇప్పటిదాక ఒక్కటి గూడ పట్టలె సార్," అన్నాడు రాజమౌళి. అది మాత్రం పచ్చి నిజం.

*

మరునాడే ఆంద్రే పరకాల వచ్చాడు. వైండింగ్ షాపు ముందు జీపు ఆగింది, దిగింది వాడే. రాజమౌళి చిరిగిన బనీనుతో, మోచేతుల దాకా గ్రీజుతో ఒక మోటారు కడుపులో చెయ్యి పెట్టి ఉన్నాడు. ఒళ్లంతా వార్నిష్ కంపు. ఎదురుగా వాడు ఇస్త్రీ మడత నలగకుండా నిలబడ్డాడు. ఇలాంటి సమయంలోనే రావాలా వీడు?

"నమస్కారము. తమరేనా రాజమౌళి గారు?" అన్నాడు ఆంద్రే. వాడు తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు. తప్పులు లేవు, అదే చిరాకు. "ఈ పెట్టె చెడిపోయినది. దీనిని తమరికే ఇవ్వవలెనని పద్మ మరీ మరీ చెప్పినది."

పద్మ! గారు లేదు, మేడమ్ లేదు. పద్మ. తను కూడా ఇంట్లో అంత తేలిగ్గా పిలవడు.

"ఇంకొక మాట కూడ చెప్పమన్నది," అన్నాడు ఆంద్రే. "మోటారు గుంజుచున్నది గాని నీరు పోయుట లేదు."

రాజమౌళి చేతిలో స్పానర్ ఆగిపోయింది. అది కోడ్. పద్మలతా తనూ ఇద్దరే కూర్చుని అనుకున్న కోడ్. ఆ మాట అన్న మనిషిని నమ్మాలి, 'ఫుట్‌వాల్వ్ చూడాలె' అని జవాబివ్వాలి. చీఫ్‌కు కూడా చెప్పలేదు. ఇప్పుడది వాడి నోట్లో ఉంది. అంటే ఆమె చెప్పిందన్నమాట. ఎక్కడ చెప్పింది? పడవలోనా?

"పెట్టి పో," అన్నాడు.

జీపు కదిలిందో లేదో, ఆ డబ్బాను తీసి బెంచీ కింద, కాలిన తీగల చుట్టల మీదికి విసిరేశాడు. పక్కన మోటారు విప్పుతున్న ఉబేద్ లేచి వచ్చాడు. ఊరికి ఉబేద్ షాపులో పార్టనర్, అసలుకు విభాగంలో వైర్‌లెస్ టెక్నీషియన్.

"అన్నా, భాబీ పంపింది. జర తెరిచి చూడు."

"వాడు తెచ్చిండు."

"తెచ్చింది వాడే గని, పంపింది భాబీ గదా. ఏదో మాట గూడ చెప్పిచ్చింది."

"ఆ మాట మా ఇద్దరి కోడ్. వానికెట్ల తెలిసిందో అది చూడు ముందు. అండ్ల ట్రాకర్ ఉండొచ్చు, బాంబు ఉండొచ్చు. ముట్టకు."

"నేను చూస్త అన్నా. నాకు ఫికర్ లేదు."

"ముట్టకని చెప్పిన గదా!"

ట్రాకర్, బాంబు. ట్రైనింగులో నేర్పిన కారణాలే, కాదనలేం. కానీ నిజం చెప్పాలంటే డబ్బా మీద ఆ మనిషి సెంటు వాసన ఉంది. అది ఎవరి పక్కన కూర్చోవడానికి పూసుకున్న సెంటో తలచుకుంటే రాజమౌళికి చెయ్యి ఆనడం లేదు. ఉబేద్ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. సీనియర్ ఆఫీసరు, పైగా మొగుడు. మధ్యలో తను ఏం మాట్లాడతాడు?

సాయంత్రం రాజమౌళి బండి వేసుకుని పొలాలు తిరిగాడు. జేబులో లైన్ టెస్టర్ ఉంది. చూడ్డానికి మామూలు స్క్రూడ్రైవర్, ఉబేద్ చేసిన సరుకు. దగ్గర్లో రేడియో పలికితే దాని బల్బు వెలుగుతుంది. ప్రతి బావి దగ్గరా, ప్రతి బోరు దగ్గరా అదే డబ్బా కట్టెకు వేలాడుతోంది. మూత బార్లా తెరిచి ఉంది. ఈ పక్క మూత మూసే రైతు ఎవడూ లేడు. తడి చేతుల్తో ఇనుము ముట్టుకుంటే షాకు, అందుకని మూత తెరిచే పెట్టి, ఎండు కట్టెతో దూరం నుంచి పచ్చ బటన్ పొడుస్తారు. ఫోనుతో నడిచే డబ్బా వచ్చినా ఆ అలవాటు పోలేదు. రాజమౌళి దగ్గరికి వెళ్లినప్పుడల్లా టెస్టర్ వెలిగింది. నాలుగు ఊళ్లు తిరిగాడు, అన్ని చోట్లా వెలిగింది. మాడ్యూల్స్ భేషుగ్గా బతికున్నాయి. పద్మలత వాటిని చెడగొట్టలేదు.

తిరిగి వస్తుంటే పరకాల బజార్లో ఆ ఇద్దరూ కనిపించారు. బండి పక్కన నిలబడి, ఒకే కాగితంలోంచి మిర్చి బజ్జీలు తింటున్నారు. రాజమౌళి ఒక ఆటో వెనక దాక్కుని చూశాడు. మిర్చి బజ్జీ! తను తినమంటే గ్యాసంటుంది, కడుపులో మంటంటుంది. వాడితో అయితే మూడోది కూడా తీసుకుంది. వాడు ఘాటుకు ముక్కు చీదుతుంటే చేతిరుమాలు కూడా ఇచ్చింది. ఆ రుమాలు అంచుకు కుట్టుపని చేయించి ఇచ్చింది తనే.

ఆ రాత్రి మాడ్యూల్స్ బతికే ఉన్నాయని చీఫ్‌కు రిపోర్టు పంపాడు. శుక్రవారం కోసం బేడీలు తీసి సంచిలో పెట్టుకున్నాడు.

*

శుక్రవారం, పాలంపేట. చెరువు కట్ట పక్కన ఒక గెస్ట్‌హౌస్ హాలును మేఘవాహన్ వాళ్లు 'డీలర్ల సమావేశం' అని బుక్ చేసుకున్నారు. డీలర్లు అంటే ముగ్గురు టూరిస్టులు, మెడలో కెమెరాలు, నెత్తిన టోపీలు. గుడి చూసి వచ్చి ఏసీలో కూర్చున్నారు. ఎదురుగా పెద్ద స్క్రీన్ మీద వరంగల్, ములుగు మ్యాపు. దాని మీద వేలకొద్దీ పచ్చ చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో స్టార్టర్ డబ్బా.

గెస్ట్‌హౌస్ బోరు మోటారు పొద్దున్నే 'పాడైంది'. రిపేరుకు వచ్చిన మెకానిక్ రాజమౌళి. బయట రోడ్డు మీద మంచినీళ్ల డబ్బాల వ్యాను ఉంది, అందులో ఉబేద్, రిసీవర్, ఆరుగురు సాయుధులు.

కిటికీ అద్దంలోంచి రాజమౌళి స్క్రీన్ చూశాడు. అంతా పచ్చ. అప్పుడే పద్మలత కనిపించింది. నెమలికంఠం రంగు పట్టుచీర. ఆంద్రే ఏదో అంటే తల ఊపుతూ, చేతిలో పూజ పళ్లెంతో నడుస్తోంది. సొంత తమ్ముడి పెళ్లికి కూడా ఇంత ముస్తాబు కాలేదు.

ఆమె పళ్లెం కడగడానికి పంపు గది వైపు వచ్చింది. రాజమౌళి తలుపు వెనక నుంచి చెయ్యి పట్టి లోపలికి లాగాడు, తలుపు వేశాడు.

"పద్మలతా, నువ్వు అరెస్టు. చేతులు ముందుకు పెట్టు."

పద్మలత అతన్ని పై నుంచి కింది దాకా చూసింది. "పిచ్చి లేసిందా? ఇంక పది నిమిషాలు లేదు. మూతలు ఎందుకు మూపియ్యలె?"

"ఏ మూతలు?"

"డబ్బా మూసి చూసినవా లేదా?"

"ఏ డబ్బా?"

"ఆంద్రేతోని పంపిన డబ్బా, మౌళీ!"

"తెరువలె," అన్నాడు.

"ఎందుకు?"

రాజమౌళి గోడ మీది స్విచ్చుల్ని చూస్తూ, "వాడు తెచ్చిండు గదా," అన్నాడు.

పద్మలత ముఖం ఎర్రబడింది. కేకలు వేసే చోటు కాదు, అందుకని గుసగుసగానే దులిపేసింది. "నా ఎనుక ఇద్దరిని పెట్టిండ్రు. నా ఫోను వాళ్ల చేతుల ఉంది. ఏం జేద్దును? వానితోనే పంపిస్తె ఎవనికీ అనుమానం రాదని పంపిన. కోడ్ గూడ వాని నోటితోనే చెప్పిచ్చిన, అదేందో వానికే తెల్వదు. నా మొగడు తెలివిగలోడు, డబ్బా చూడంగనె సమజ్ చేసుకుంటడనుకున్న. నా కర్మ!"

"అండ్ల ఏముండె?"

"ఏం లేకుండె! మూత తెరిస్తె టెస్టర్ ఎలుగుతది, మూస్తె ఆరిపోతది. గంతే. రెండు సెకండ్ల పని. వాళ్లు యాంటెన్నా డబ్బా బయట పెడదామన్నరు. ఈడ కోతులు బతకనియ్యయి, ఒక్క పూటల పీకేస్తయి అన్న. కోతులను చూసినంక ఒప్పుకున్నరు. యాంటెన్నా ఇనుప డబ్బాల పెట్టిన. మూత తెరిచి ఉంటె సిగ్నల్ వస్తది. మూస్తె చచ్చినట్టే, ఏ సిగ్నలూ లోపలికి పోదు. మనోళ్లు మూతలు తెరిచే పెడతరు గనుక వాళ్ల చెకింగ్‌ల అన్ని పాస్. వాళ్లు బటన్ నొక్కేదానికి జర ముందు నువ్వు ఊర్లల్ల మూతలు మూపియ్యాలె. పరకాల రైతులందరు నీ దగ్గరికే వస్తరు గదా అని నీకు పంపిన."

ఈమె ఒక్క మాడ్యూల్‌కూ చెయ్యి తగలకుండా అన్నిటినీ చెడగొట్టి పెట్టింది. తను మాత్రం సెంటు వాసన చూసి డబ్బాను బెంచీ కింద పారేశాడు.

"మరి పడవల ఎందుకు నవ్వినవ్?" అన్నాడు. అడక్కుండా ఉండలేకపోయాడు.

"ఏం పడవ?"

"ఫోటోల."

"ఓరి నీ... వాడు చెరువుల చేపను చూసి 'అదిగో మత్స్యము' అన్నడు. నవ్వు రాదా? గ్రిడ్ కూలిపోతాంటె నీకు పడవ కావల్నా?"

రాజమౌళి బేడీలు సంచిలో పడేసి ఫోను తీశాడు. నాలుగు నెలల్లో మోటారు రిపేరుకు వచ్చిన ప్రతి రైతు నంబరూ అందులో ఉంది. పరకాల, రేగొండ, గణపురం, ములుగు, అన్ని ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అతను ఉన్నాడు. కానీ ఏం చెప్పాలి? దేశభద్రత, రేడియో సిగ్నల్, దయచేసి మూతలు మూయండి అంటే ఎవడు లేస్తాడు? మంచం మీద నుంచి కాలు కూడా దించరు. మోటారు తనంతట తనే మొదలయ్యే ఇలాంటి డబ్బాలను కరెంటోళ్లు ఒప్పుకోరు. ఆ సంగతి రైతులందరికీ తెలుసు. అందుకే కరెంటోళ్ల జీపు కనబడితే చాలు, వాటిని దాచేస్తారు.

అతను మైకు బటన్ నొక్కాడు.

"అన్నలారా, తమ్ములారా, మెకానిక్ రాజమౌళిని మాట్లాడుతాన. కరెంటోళ్ల స్క్వాడ్ ఎల్లింది. ఆటో స్టార్టర్ కనబడ్డదా, ఊడబీకి పట్టుకపోతాండ్రు. రేగొండల మొదలువెట్టిండ్రట. ఉన్నోళ్లు ఉన్నట్టు ఉరికి డబ్బా మూతలు మూసి తాళం ఏసుకోండ్రి. మూత మూసి ఉంటె ముట్టుకుంటలేరట. దోస్తులందరికి పంపుండ్రి!"

అన్ని గ్రూపుల్లోకీ వదిలాడు. పద్మలత పళ్లెం తీసుకుని తలుపు దగ్గర ఆగింది.

"ఎంత సేపు గావాలె?"

"ఎంత ఆపగల్గితె అంత."

"కొబ్బరికాయ ఉన్నది," అంది ఆమె. బయటికి నడిచింది.

*

హాల్లో ఆంద్రే వేలు బటన్ మీదికి వెళుతోంది. "ఆగండి ఆగండి!" అంది పద్మలత. "మొదటిసారి మిషన్ నడిపేటప్పుడు కొబ్బరికాయ కొట్టకుండా ఎవరైనా నొక్కుతారా?"

ఆంద్రే ఈ నేల ఆచారాలన్నీ పుస్తకాల్లో చదివాడు. కాదనలేకపోయాడు. "అవశ్యము," అని చేతులు కట్టుకున్నాడు. ముగ్గురు టూరిస్టులూ టోపీలు తీశారు. పద్మలత అగరొత్తులు వెలిగించింది, ఒకటి ఆరిపోయిందని మళ్లీ వెలిగించింది. స్క్రీనుకు పసుపు, కుంకుమ పెట్టింది. కంప్యూటర్ మౌసుకు కూడా బొట్టు పెట్టింది. అప్పుడు కాయ కొట్టింది. లోపల కుళ్లిపోయి ఉంది. ఇది మాత్రం ఆమె ప్లాను కాదు, దుకాణం వాడి పుణ్యం.

"అయ్యయ్యో, అపశకునం! ఇంకో కాయ తెస్తాను."

ఇంకో కాయ వచ్చేసరికి, స్క్రీన్ మీద రేగొండ దగ్గర చుక్కలు ఆరడం మొదలైంది. ఒకటి, రెండు, ఒక వరస. ఆ తర్వాత పరకాల చుట్టూ గుప్పెళ్ల కొద్దీ ఆరిపోయాయి. ఊళ్లలో అదే సమయానికి రైతులు లుంగీలు ఎగ్గట్టి పొలాల మీద పడి ఉరుకుతున్నారు. ఎవరికి తాళం దొరకలేదో వాళ్లు బైండింగ్ తీగతో మూతలు బిగిస్తున్నారు. పక్కవాడు మూయకపోతే వాడి మూత కూడా వీళ్లే మూస్తున్నారు.

ఒక టూరిస్టు కుర్చీలోంచి లేచి కేక పెట్టాడు. ఆంద్రే స్క్రీన్ చూశాడు, పద్మలతను చూశాడు, రెండో కాయ కొట్టకముందే బటన్ నొక్కాడు. మిగిలిన ముగ్గురూ ఫోన్లు తీసి వాళ్లవి కూడా నొక్కారు. మ్యాపు మీద సగానికి పైగా అప్పటికే ఆరిపోయింది. మిగిలినవి కూడా చూస్తుండగానే ఆరుతున్నాయి. రోడ్డు మీద వ్యానులో ఉబేద్ రిసీవర్ నాలుగు సిగ్నళ్లనూ రికార్డు చేసింది. మూత మూయడానికి బద్ధకించిన ఎవరో కొద్దిమంది మోటార్లు మాత్రం గుర్రుమని మొదలయ్యాయి. వాళ్ల మడులు తడిశాయి, అంతకు మించి ఏమీ కాలేదు. హాల్లో లైట్లు రెపరెపలాడాయి. అందరూ పైకి చూశారు. లైట్లు మళ్లీ నిలకడగా వెలిగాయి. గ్రిడ్ నిలబడింది.

ఆంద్రే జేబులోంచి పిస్తోలు తీశాడు. అప్పుడే లోపలికి వచ్చిన మెకానిక్ గుండెకు గురిపెట్టాడు. "కదలకుము!"

పద్మలత చేతిలో రెండో కొబ్బరికాయ ఉంది. దేవుడికి దక్కాల్సిన ఆ కాయను తీసి వాడి మణికట్టు మీద కొట్టింది. పిస్తోలు టైల్స్ మీద జారిపోయింది. వెనక తలుపు బద్దలైంది, ఉబేద్ మనుషులు లోపలికి దూకారు. ముగ్గురు టూరిస్టులు చేతులు పైకెత్తారు.

బేడీలు వేస్తుంటే ఆంద్రే రాజమౌళి వైపు చూడలేదు. పద్మలతనే చూస్తున్నాడు. "పద్మా, ఈ మోటారు మరమ్మతుదారుడు నీకేమగును?"

"నా మొగుడు," అంది పద్మలత.

ఆంద్రే తల తిప్పి రాజమౌళిని చూశాడు. చిరిగిన బనీను చూశాడు, చెవి మీద గ్రీజు చూశాడు, హవాయి చెప్పులు చూశాడు. "ఇతడా?" అన్నాడు. వాడి కళ్లలో కుళ్లు పొంగుకొచ్చింది. ఆ చూపు ఎలా ఉంటుందో రాజమౌళికి తెలుసు. నాలుగు రోజులుగా అద్దంలో చూసుకుంటున్నది అదే. అతని కడుపు చల్లబడింది. ఛాతీ కొంచెం ముందుకు పెట్టి, "నేనే," అన్నాడు.

*

తిరుగు ప్రయాణంలో జీపు రాజమౌళి నడుపుతున్నాడు. పద్మలత పక్క సీట్లో చెప్పులు విప్పి కాళ్లు పైకి పెట్టుకుంది. జీపు ములుగు దాటింది.

"నన్ను అనుమానపడ్డవ్," అంది.

"పడ్డ," అన్నాడు రాజమౌళి. "తప్పయింది. కుళ్లుకుని చచ్చిన. ఆ మిర్చి బజ్జీలు చూసినప్పుడైతె గుండె ఆగినంత పనైంది."

"ఆ బజ్జీలు తిన్న పాపానికి రెండు రోజులు గోళీలు మింగిన. వాని ముంగట మంచిగ నటించాలె గదా." కిటికీ వైపు తిరిగి అంది, "నీకు కోపమొస్తె డబ్బా మీద ఎందుకు చూపిస్తవ్? నన్నడుగు, నాతోని కొట్లాడు. వేల మంది బతుకు ఆ బెంచీ కింద పడేసినవ్ మౌళీ."

"ఇంకోసారి చేయ," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె చెయ్యి తెచ్చి అతని భుజం మీద వేసింది. ఫోటోలో తేలని చెయ్యి కాదు ఇది, గాజులు గుచ్చుకుంటున్నాయి.

డ్యాష్‌బోర్డు మీద అతని ఫోను ఆగకుండా మోగుతోంది. రైతుల మెసేజీలు. పద్మలత తీసి చదవసాగింది. మూసిన అన్నా. తాళం ఏసిన అన్నా. కరెంటోళ్లు ఇంక రాలే, ఎటు పోయిండ్రు? మా బావమరిది మూయలే, చెప్పినా ఇనడు. చదువుతూ నవ్వుతోంది, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని. రాజమౌళి రోడ్డు వదిలేసి అటే చూశాడు.

ఉన్నట్టుండి నవ్వు ఆగింది.

"చిలుకమ్మ ఎవలు?"

"ఆ?"

పద్మలత గొంతు మార్చకుండా చదివింది. "'మెకానిక్, నువ్వు చెప్పినవని అందరికన్న ముందు నేనే మూసిన. నీ మాటంటె నాకు మాటే. సర్వపిండి గాల్చి పెట్టిన. పొద్దుమూకంగనె రా, వేడివేడిగ తిందువు. నువ్వు తినకుంట నేను ముట్ట.'" ఫోను ఒళ్లో పెట్టుకుంది. "రోజు పోతవా?"

భుజం మీద చెయ్యి ఎప్పుడు తీసిందో రాజమౌళికి తెలియదు.

"అప్పుడప్పుడు," అన్నాడు.

"సర్వపిండి బాగ చేస్తదా?"

"బాగ చేస్తది."

"నాకన్ననా?"

చిలుకమ్మకు డెబ్బై దాటాయి. నోట్లో పళ్లు లేవు. ఫోను నొక్కింది కూడా ఆమె కాదు, మనవరాలు. ఆ ఒక్క మాట చెబితే ఇక్కడితో అయిపోతుంది. రాజమౌళి గేరు మార్చాడు, అద్దం సరిచేసుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. నాలుగు రోజులు తను పడ్డ మంటంతా ఒకసారి గుర్తు చేసుకున్నాడు.

వరంగల్ ఇంకా చాలా దూరం ఉంది. కాశిబుగ్గ వచ్చాక చెబుదాంలే అనుకుని, బండి కొంచెం నెమ్మదిగా పోనిచ్చాడు.